జ్వరం వచ్చిన కనురెప్ప

గోలెనూర్ ఇంట్లో థర్మామీటరు ఒకటి ఉంది. ఏదో సంస్థవాళ్ళు బాతుల పెంపకం గురించి చెప్పడానికి వచ్చి ఇచ్చిపోయారు. ఆమె దాన్ని గోడకున్న మేకుకు తగిలించి, దాని మీద తన జపమాల వేలాడదీసింది. గుడ్లు పొదిగే పెట్టెలో వేడి సరిపోయిందో లేదో తెలియాలంటే ఒక గుడ్డు బయటికి తీసి, కళ్ళు మూసుకుని, రెప్ప మీద ఆనించుకునేది. మూడు లెక్కపెట్టేంత సేపు, అంతే. హాయిగా ఉంటే సరే. చురుక్కుమంటే వేడి ఎక్కువైనట్టు. చల్లగా తగిలితే లాంతరు వత్తి కాస్త పెంచాలి. అత్తగారు సోబురా నేర్పిన కొలత అది. ముప్పై ఏళ్ళకు పైగా ఆ ఊళ్ళో పుట్టిన బాతుల్లో సగం ఆ రెప్ప మీదుగా వచ్చినవే.

పెట్టె అంటే పెద్ద గొప్ప యంత్రం కాదు. మామిడి చెక్కతో చేసింది, మంచమంత పొడుగు ఉంటుంది. చుట్టూ గోడల్లో వరి ఊక కూరారు. అడుగున రేకు, రేకు కింద రెండు లాంతర్లు. గుడ్లను నలభైకి ఒకటి చొప్పున ఎర్రగుడ్డలో వదులుగా మూటలు కట్టి లోపల పేర్చి, పైన పాత చీరలు కుట్టిన బొంతలు కప్పుతారు. రోజుకు నాలుగుసార్లు మూటలు తిరగేసి, పైవి కిందికీ కిందివి పైకీ మార్చాలి. ఇరవై ఎనిమిది రోజులు ఇదే పని. ఆ రోజుల్లో గోలెనూర్ పెళ్ళికి రమ్మన్నా వెళ్ళదు, చావుకు మాత్రం వెళ్ళి అన్నం ముట్టకుండా వచ్చేస్తుంది. కళ్ళకు సుర్మా పెట్టుకోదు. మిరపకాయలు దంచదు. రెప్ప శుభ్రంగా ఉండాలి కదా మరి.

కిందటేడు చైత్రంలో కొండల మీది నీళ్ళు ఒక్కసారిగా ఊరి చుట్టూ ఉన్న హావోర్ పల్లపు పొలాల్లోకి దిగాయి. కోతకొచ్చిన వరి రెండు రోజుల్లో మునిగిపోయింది. దానితోపాటు బాతులూ కొట్టుకుపోయాయి. ఊళ్ళో ఇంటికి నాలుగో ఐదో మిగిలాయి. ఈ ఫాల్గుణంలో ఆ మిగిలిన బాతులు పెట్టిన గుడ్లు ఒక్కటీ కూర వండుకోకుండా, వారం పదిరోజులు దాచి, ఇరవై రెండు ఇళ్ళ ఆడవాళ్ళు తెచ్చి గోలెనూర్‌కు అప్పజెప్పారు. మసితో ఎవరి గుర్తు వాళ్ళు పెట్టుకున్నారు. ఒకరిది చేప, ఒకరిది దువ్వెన, ఒకరిది వంకర గీత. అన్నీ కలిసి ఆరువందల గుడ్లు. ఇవి ఇప్పుడు పొదిగితేనే వైశాఖంలో కోతలయ్యేసరికి పిల్లలు ఎదిగి పొలాల్లో రాలిన గింజలు తిని బతుకుతాయి. తప్పితే మళ్ళీ ఏడాదిదాకా ఊరికి బాతు లేనట్టే.

ఇదిలా ఉండగా గోలెనూర్ కుడికంట్లో శుక్లం ముదిరింది. ఎదురొచ్చే మనిషిని నడకను బట్టి పోల్చుకుంటోంది. ఎడమకన్నూ మసకబారడం మొదలుపెట్టింది. పట్టణంలో ఏడాదికోసారి పెట్టే కంటి శిబిరంలో డాక్టరమ్మ కిందటేడే చెప్పింది, వచ్చే ఏడాదికి చేయించుకోకపోతే ఈ కన్ను మీద ఆశ వదులుకొమ్మని. ఈ ఏటి శిబిరం సరిగ్గా గుడ్లు పెట్టిన పద్దెనిమిదో రోజున పడింది.

"వెళ్ళకు అక్కా. కన్ను ఎక్కడికీ పోదు, వచ్చే ఏడాది చూసుకోవచ్చు. గుడ్లు ఆగుతాయా?" అంది కద్‌బాను.

కద్‌బాను పక్కింటావిడ, వరసకు తోడికోడలు. ఊళ్ళో అందరూ ఆమెను పిడుగు అంటారు. నోరు చూసి పెట్టిన పేరేమో అనుకుంటారు కొత్తవాళ్ళు. నోరు తర్వాత వచ్చింది, పేరే ముందు వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట ఆమె కొత్తకోడలిగా ఈ ఊరొచ్చిన వారంలోనే పెద్ద ఉరుములు ఉరిమాయి. అదే వారంలో సోబురా పెట్టెలోని గుడ్లన్నీ లోపలే చచ్చాయి. ఉరుముకు గుడ్డులో పిల్ల గుండె ఆగిపోతుందని అక్కడివాళ్ళ నమ్మకం. కోడలు వస్తూ వస్తూ పిడుగును వెంటబెట్టుకొచ్చిందని కద్‌బాను అత్త ఊరంతా చాటింది. ఆ పేరు అలాగే అంటుకుపోయింది.

"కన్ను పోతే వచ్చే ఏడాది గుడ్డు పగిలిందో లేదో నువ్వొచ్చి చూసి చెబుతావా?" అంది గోలెనూర్. "నేను వెళ్తాను. గుడ్లూ చావవు. రెండూ జరుగుతాయి."

"ఎవరు చూస్తారట?"

"నా కోడలు."

కద్‌బాను నవ్వింది. "ఆ పిల్లా? మొన్న చేప ముల్లు తీయడానికే భయపడింది!"

రుష్నా పెళ్ళై రెండేళ్ళయింది. మొగుడు మొతాలెబ్ ఇసుక పడవల మీద పనికి వెళ్ళి రెండు నెలలకోసారి వస్తాడు. ఆ పిల్ల మాట్లాడటం తక్కువ. పిలిస్తే వస్తుంది, చెప్పింది చేస్తుంది, అలసట వచ్చినా ఆకలి వేసినా పైకి చెప్పదు. అలాంటివాళ్ళతో పని సుఖం, ప్రమాదమూ ఎక్కువే. ఈ రెండో సంగతి గోలెనూర్‌కు అప్పటికి తట్టలేదు.

మూడు రోజులు కూర్చోబెట్టి నేర్పింది.

"బుగ్గ మీద కాదు, రెప్ప మీద. బుగ్గకేం తెలుస్తుంది? ఎండలో తిరిగి మొద్దుబారిపోయుంటుంది. మూడు లెక్కపెట్టు. ఎలా ఉంది?"

"నిద్రొస్తోందమ్మా," అంది రుష్నా కళ్ళు మూసుకునే.

"అద్దీ! నిద్రొచ్చేంత హాయిగా ఉంటే సరైన వేడన్నమాట. ఇంకొకటి విను. పద్దెనిమిదో రోజు దాటాక లోపలి పిల్లలు తమ వేడి తామే పుట్టించుకుంటాయి. మన లాంతర్లు తగ్గించుకుంటూ పోవాలి గానీ పెంచకూడదు."

"మరి చల్లగా తగిలితే?"

"చల్లగా తగిలితేనే పెంచు. నీ రెప్ప ఏం చెబితే అది విను. ఊళ్ళోవాళ్ళు వచ్చి వంద చెబుతారు, ఒక్కటీ చెవిన పెట్టకు."

ఎంతో ధీమాగా చెప్పిందా మాట. ఆ తర్వాత ఎన్నిసార్లు తలుచుకుని నాలుక కరుచుకుందో ఆమెకే తెలుసు.

పద్దెనిమిదో రోజు తెల్లవారగానే బయల్దేరింది. రుష్నా గుమ్మం దాకా వచ్చి మరమరాల మూట చేతికిచ్చింది. తలమీద కొంగు బాగా కిందికి లాక్కుని ఉంది. మసక కళ్ళతో గోలెనూర్ ఆ పిల్ల ముఖం సరిగా చూడలేదు.

కన్ను కోసిన సంగతి చెప్పుకోవడానికేమీ లేదు. పడుకోబెట్టారు, ఏదో వేశారు, అయిపోయిందన్నారు. ఆ రాత్రి అక్కడే ఉంచి, మర్నాడు పొద్దున డాక్టరమ్మ కట్టు విప్పి నల్లకళ్ళజోడు పెట్టింది.

"నెల్లాళ్ళు వంగకూడదు. బరువెత్తకూడదు. కంట్లో నీళ్ళు పడకూడదు. పొగ, దుమ్ము ఉన్నచోటికి అసలు వెళ్ళకూడదు. అర్థమైందా అమ్మా?"

"మరి గుడ్లు?"

"గుడ్లు శుభ్రంగా తినొచ్చు. బలం కూడా."

గోలెనూర్ ఇంకేం అడుగుతుంది! లాంతరు పొగ, ఊక దుమ్ము, వంగి మూటలు తిప్పడం. డాక్టరమ్మ వద్దన్నవన్నీ కలిపితే అది ఆమె గది. దారి పొడుగునా ఆమె ఒకటే అనుకుంది, గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుంటాను, చెయ్యి రుష్నాది, మాట నాది, ఇంకో తొమ్మిది రోజులే కదా అని.

మధ్యాహ్నానికి ఇల్లు చేరింది. రుష్నా చెంబుతో నీళ్ళు తెచ్చింది. చెంబు అందుకుంటుంటే కోడలి వేళ్ళు తగిలాయి. గోలెనూర్ చెంబు వదిలేసి ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఒళ్ళు కాలిపోతోంది. ఎప్పట్నుంచి?"

"ఏం లేదమ్మా."

"ఎప్పట్నుంచి అంటున్నా!"

"నిన్న పొద్దున. మీరు వెళ్ళకముందే వచ్చింది."

"గుడ్డు రెప్ప మీద పెట్టి చూశావా?"

"చూశాను. పూటకోసారి చూశాను. అన్నీ చల్లగా తగిలాయి. వత్తులు పెంచాను. అయినా చల్లగానే ఉంటే ఇంకో బొంత కూడా కప్పాను. మీరే కదా రెప్ప చెప్పింది వినమన్నారు..."

జ్వరం వచ్చిన రెప్పకు లోకమంతా చల్లగానే తగులుతుంది. ఒంటి వేడి పెరిగితే దాని ముందు గుడ్డు వేడి తక్కువనిపిస్తుంది. పొదగడానికి సరైన వేడిలో ఉన్న గుడ్డును ఇంకా కాచింది ఆ పిల్ల, అదీ లోపలి పిల్లలు స్వయంగా వేడెక్కే రోజుల్లో.

"ఒక గుడ్డు పట్రా. తొందరగా!"

రుష్నా తెచ్చిన గుడ్డును గోలెనూర్ ఎడమరెప్ప మీద పెట్టుకుని వెంటనే తీసేసింది. అప్పుడే పోసిన టీ గ్లాసులా ఉంది.

"లాంతర్లు బయటికి తీసెయ్. బొంతలన్నీ లాగెయ్. మూటలు విప్పి చాప మీద పరుచు. గోరువెచ్చని నీళ్ళు తెచ్చి చేత్తో చిలకరించు. చన్నీళ్ళు వద్దు, ఉలిక్కిపడతాయి. పరిగెత్తు!"

రుష్నా పరిగెత్తింది. జ్వరంతో కాళ్ళు తడబడుతున్నా ఆగలేదు. గోలెనూర్ గుమ్మం పట్టుకుని నిలబడింది. లోపలికి ఒక్క అడుగు వెయ్యాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఊక దుమ్ము వెలుతురులో తేలడం ఎడమకంటికి మసగ్గా కనబడుతోంది. చీర కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే నిలబడింది. కన్ను కావాలి, గుడ్లూ కావాలి. రెండూ జరుగుతాయని తనే అంది కదా.

గుడ్లు సరైన వేడికి దిగి మళ్ళీ మూటల్లోకి చేరేసరికి సాయంత్రమైంది. లాంతర్లు మాత్రం మళ్ళీ వెలిగించలేదు. రుష్నా గుమ్మం పక్కన కూలబడింది.

"నోరు లేదే నీకు? జ్వరమని ఒక్క మాట చెప్పడానికి ఏమొచ్చింది?" అని విరుచుకుపడింది గోలెనూర్.

"చెబితే మీరు వెళ్ళేవారా?"

గోలెనూర్ వెళ్ళేది కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తన కన్ను కోసం ఆ పిల్ల ఒళ్ళు కాలిపోతున్నా దాచుకుంది. గోలెనూర్ కోడలి తల తన ఒడిలోకి లాక్కుంది.

ఆరోజు నుంచి ఇద్దరూ కలిసి ఒక మనిషి పని చేశారు. రుష్నా మందు బిళ్ళ మింగి, మూటలు తిప్పి, మూటకో గుడ్డు గుమ్మం దగ్గరికి తెచ్చేది. గోలెనూర్ ఎడమరెప్పతో చూసి చెప్పేది. కద్‌బాను రెండుసార్లు వచ్చి తొంగిచూసి, "ఏంటి, గుడ్లకు స్నానాలు చేయిస్తున్నారు, అల్లుడొస్తున్నాడా?" అని ఎకసెక్కం చేసిపోయింది. జ్వరం సంగతి ఆమెకు చెప్పలేదు. ఇరవై రోజులు దాటిన గుడ్డులో అంతా చీకటే, టార్చి వేసి చూసినా లాభం లేదు. ఇరవై అయిదో రోజున నీళ్ళ పరీక్ష పెడితే గానీ బతికినవెన్నో చచ్చినవెన్నో తెలియదు.

ఆ అయిదు రోజులూ గోలెనూర్‌ను తిన్న తిండి ఒంటబట్టనివ్వనిది గుడ్ల బెంగ ఒక్కటే కాదు. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట సోబురా నాలుగు రోజులు పుట్టింటికి వెళ్తూ పెట్టెను పద్దెనిమిదేళ్ళ గోలెనూర్‌కు అప్పగించింది. అప్పుడు గోలెనూర్‌కు చలిజ్వరం వచ్చింది. గుడ్లు చల్లగా తగిలాయి. వత్తులు పెంచింది. అత్తగారు తిరిగొచ్చేసరికి ఒక్క పిల్లా మిగల్లేదు. ఏమైందని అడిగితే భయంతో నోటికొచ్చింది చెప్పింది, ఉరుమిందని. నిజంగానే ఉరిమింది కూడా. సోబురా నమ్మింది, ఊరు నమ్మింది, కద్‌బాను అత్త మరీ నమ్మింది. గోలెనూర్‌కు తన తప్పు ఏమిటో రెండేళ్ళ తర్వాత మరోసారి జ్వరం వచ్చినప్పుడు తెలిసింది. అప్పటి నుంచి ఒళ్ళు వెచ్చబడితే పెట్టె జోలికి పోదు, సోబురాను పిలిచేది, సోబురా పోయాక, బతికున్నన్నాళ్ళూ మొగుడిని పిలిచేది. ఎందుకని మాత్రం ఎవరికీ చెప్పలేదు. కోడలికి అన్నీ నేర్పి ఇదొక్కటి నేర్పలేదు, నేర్పాలంటే ఆనాటిది చెప్పాలి కనుక.

ఇరవై అయిదో రోజు పొద్దున వాకిట్లో పెద్ద తొట్టిలో గోరువెచ్చని నీళ్ళు పోశారు. ఇరవై రెండు ఇళ్ళ ఆడవాళ్ళూ వచ్చి చుట్టూ కూర్చున్నారు. రుష్నా గుడ్లను ఒక్కొక్కటే నీళ్ళలో వదిలింది. బతికున్న గుడ్డు నీళ్ళ మీద కుదురుగా ఉండదు, లోపలి పిల్ల కదిలినప్పుడల్లా తల ఊపుతుంది. చచ్చింది కదలదు.

మొదటి గుడ్డు కదల్లేదు. రెండోది కదల్లేదు. మూడోదీ అంతే. నాలుగోది కాసేపు ఊరుకుని, ఉన్నట్టుండి అటూ ఇటూ ఊగింది. "అదిగో!" అని అందరూ ఒక్కసారే అరిచారు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా అలా ఏరారు. సగానికి కొంచెం ఎక్కువ బతికాయి. ఊగని గుడ్లు బుట్టల్లో ఒకవైపు పోగుపడ్డాయి. ఎప్పుడూ నూటికి ఎనభై తగ్గని చేతి నుంచి ఇదీ లెక్క.

"ఎందుకిలా అయింది గోలెనూర్ అక్కా?" అనడిగింది ఒకావిడ.

ఎవరూ జవాబివ్వకముందే ఇంకొకావిడ నవ్వుతూ అంది, "ఆమధ్య ఒకరోజు ఉరిమింది కదా! అదీగాక పిడుగు రెండుసార్లు ఈ గుమ్మంలోకి వచ్చిపోయిందట. ఇంకేం బతుకుతాయి?"

నలుగురూ నవ్వారు. అలవాటైన హాస్యమే. కద్‌బాను కూడా నవ్వింది, అలవాటైన నవ్వే. కానీ నవ్వుతూనే తన దువ్వెన గుర్తుతో ఊగని గుడ్లున్న బుట్టను ఒళ్ళోకి లాక్కుని తల వంచుకుంది.

గోలెనూర్ అది చూసింది. కొత్త కన్ను. పదిగజాల దూరంలో ఉన్న మనిషి ముఖం మూడేళ్ళ తర్వాత అంత స్పష్టంగా కనబడింది, కనబడిందేమో ఆ వంచుకున్న ముఖం. రుష్నా "నేనే..." అని నోరు తెరవబోయింది. గోలెనూర్ చెయ్యెత్తి ఆపింది.

"ఉరుముకు చావలేదు. వేడెక్కి చచ్చాయి. నా కోడలికి జ్వరం వచ్చింది, జ్వరం వచ్చిన రెప్పకు గుడ్డు చల్లగా తగులుతుంది, వత్తి పెంచింది. తప్పు దానిది కాదు. ఆ సంగతి నాకు తెలుసు, దానికి నేర్పలేదు." కద్‌బాను వైపు తిరిగింది. "ఎలా తెలుసంటే, కద్‌బాను ఈ ఊరొచ్చిన ఏడు అదే పని నేను చేశాను. జ్వరంతో గుడ్లు కాల్చి చంపాను. మా అత్తకు భయపడి ఉరుమని అబద్ధం చెప్పాను. పిడుగూ లేదు, గిడుగూ లేదు. ఆ పేరు పెట్టించింది నేను."

కద్‌బాను లేచింది. ఎవరి వైపూ చూడలేదు. బుట్ట అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

మిగిలిన మూడు రోజులూ గుడ్లను తిప్పే పని లేదు. ఊక మీద గుడ్డ పరిచి వరుసగా పేర్చారు. ఇరవై ఎనిమిదో రోజు పెంకుల్లోంచి ముక్కుల చప్పుడు మొదలైంది. మధ్యాహ్నానికల్లా గదంతా తడి పిల్లల కూతలు. రుష్నాకు జ్వరం పూర్తిగా తగ్గింది. ఒక్కో పిల్లనూ చేతుల్లోకి తీసుకుని ఏడుస్తోంది, నవ్వుతోంది, మళ్ళీ ఏడుస్తోంది. గుర్తుల లెక్క వద్దని, ఇచ్చిన గుడ్లను బట్టి పిల్లల్ని అందరికీ పంచింది గోలెనూర్. పొదిగినందుకు రావలసిన తన వాటా కూడా అందులోనే కలిపేసింది. ఇరవై ఒక్క ఇళ్ళవాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. కద్‌బాను రాలేదు.

మర్నాడు గోలెనూర్ నల్లకళ్ళజోడు పెట్టుకుని, కద్‌బాను పిల్లల బుట్ట రుష్నా చేత పట్టించుకుని వెళ్ళింది. కద్‌బాను వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. తలెత్తలేదు.

"ముప్పై ఎనిమిదేళ్ళు," అంది చేపలతోనే మాట్లాడుతున్నట్టు.

"అవును."

"చచ్చిపోయే రోజున మా అత్తకు నేనే నీళ్ళు తాగించాను. అప్పుడు కూడా పిడుగూ అనే పిలిచింది. నా పేరు దానికి గుర్తు లేదు."

గోలెనూర్ అక్కడే మట్టిలో కూర్చుంది. "తిట్టు. నీకెంత తోస్తే అంత తిట్టు. కూర్చుని వింటాను."

కద్‌బాను అప్పుడు చూసింది ఆమె వైపు. కళ్ళజోడు వైపు చూసింది. "ఇప్పుడు తిడితే ఏడుస్తావు. ఏడిస్తే కన్ను పాడవుతుంది. ఆ పాపం కూడా పిడుగు మీదే వేస్తారు. నెల కానీ. నెలయ్యాక వస్తాను, అప్పుడు కూర్చో."

బుట్ట మాత్రం తీసుకుంది.

నెలకు ఒక్క రోజు తక్కువ కాలేదు, ఒక్క రోజు ఎక్కువ కాలేదు. భోజనాలయ్యాక కద్‌బాను వచ్చింది. చంకలో గుడ్ల బుట్ట ఉంది, వరద మిగిల్చిన బాతులు ఆ వారంలో పెట్టినవి. గుమ్మంలో నిలబడి ముందు రుష్నా నుదురు మీద అరచెయ్యి పెట్టి చూసింది. తర్వాత గోలెనూర్ నుదురు మీద పెట్టి చూసింది. ఇద్దరికీ జ్వరం లేదని నమ్మకం కుదిరాక బుట్ట గోలెనూర్ చేతికిచ్చింది.

పీట లాక్కుని, కొంగు నడుముకు బిగించి, ఎదురుగా కూర్చుంది.

"ఇక విను," అంది, మొదలుపెట్టింది.